రేడియో ఇచ్చిన ఆశ్రయము: వాద్యబృందములు, గాయకబృందములు
(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి పేర ఏటేట ఈ సభ జరుగుచున్నదో ఆ మహాశయుడు విద్వాంసుడు కాడు, వాగ్గేయకారుడును కాడు, శ్రోత. ఊరి గ్రంథాలయములో రేడియో పెట్టించి, సాయంకాలము పదిమందిని చేరదీసి, కచేరి ఆరంభమైనది మొదలు మంగళము వరకు ఎవ్వరును మీట త్రిప్పరాదని నియమము విధించి, ఆ నియమమును అందరికంటె ముందు తాను పాటించినవాడు. పాడినవారికిని వాయించినవారికిని స్మారకములు పెక్కు కలవు గాని, విన్నవాని పేర ఒక స్మారకము వెలయుట అరుదు. అందుచేత ఈ ఉపన్యాసమునకు రేడియోలో వినవచ్చు సంగీతమునే విషయముగా గ్రహించితిని. అందును, ఒక గాయకుడో ఒక వైణికుడో కూర్చుండి చేయు కచేరిని గూర్చి కాక, నూరుమంది వాయించి ఇన్నూరుమంది పాడు పాశ్చాత్య మహారచనలను, అనగా సింఫనీలను, కాంటాటాలను, ఒరటోరియోలను రేడియో ఎట్లు ఆదరించినదో, ఎచ్చట చేయి విడిచినదో, ఆ చరిత్రము మనకేమి చెప్పుచున్నదో మనవి చేయదలచినాను.

రేడియో సంగీతమును మారుమూలలకు చేర్చినదని అందరును చెప్పుదురు. అది సత్యమే. దానికంటె పెద్ద సత్యము మరియొకటి కలదు: రాజులు, ప్రభువులు, మతపీఠములు వహించిన పోషణభారమును ఇరువదవ శతాబ్దమున రేడియో తన భుజములపై వేసికొనినది, వాద్యబృందములను తానే పెంచినది, గాయకబృందములను తానే కూర్చినది, క్రొత్త రచనలను తానే వ్రాయించినది. ఆశ్రయమిచ్చువాని బాధ్యత ఏమియో, ఆశ్రయమును ఉపసంహరించుకొనిన నాడు జరుగు నష్టమేమియో ఈ చరిత్రమున స్పష్టముగా కనబడును.

బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ 1824 మే 7వ తేదీన వియన్నా నగరమున మొదటిసారి వినిపించినది. నాలుగు అంగములు, గంటకు మించిన నిడివి, కడపటి అంగమున నలుగురు ప్రధాన గాయకులు, వారి వెనుక పెద్ద గాయకబృందము. అటుపిమ్మట నూరేండ్ల వరకు ఆ రచనను వినగోరినవాడు మహానగరమున నివసింపవలెను, ఆ యేడు ఆ నగరమున దానిని ప్రదర్శింపగల సంఘ ముండవలెను, ప్రవేశరుసుము చెల్లించు శక్తియు నుండవలెను. చిన్న పట్టణములలోని సంగీతప్రియులు ఇద్దరేసి ఒకే పియానో ముందు కూర్చుండి నాలుగు చేతులతో వాయించుటకు వీలుగా కుదించిన ప్రతులను కొని, ఆ మహారచనల ఛాయను మాత్రము అనుభవించెడివారు. బాఖ్ రచించిన సెయింట్ మాథ్యూ పాషన్ వంటి ఉత్తమోత్తమ కృతియే ఆయన మరణానంతరము చిరకాలము మరుగున పడియుండి, 1829లో మెండెల్సన్ పూనికతో బెర్లినులో మరల వెలుగు చూచినది. త్యాగరాజస్వామి కీర్తన ఒక్క కంఠములో నిలుచును. తంబురా యొకటి తోడున్న ఏ పల్లెకైనను నడచి పోగలదు. ఈ బృందరచనలకు అట్టి స్వేచ్ఛ లేదు. వంద కడుపులు నింపిన గాని అవి నోరు విప్పవు. గ్రామఫోను వచ్చినది నిజమే, కాని ఆనాటి పలక ఒక ప్రక్క నాలుగైదు నిమిషములకు మించి మ్రోగలేదు. సింఫనీ ముక్కలుముక్కలై, భావము మధ్యలో తెగి, పలక త్రిప్పుకొనునంత వరకు శ్రోత వేచియుండవలసి వచ్చెడిది. రచనను ఆద్యంతము అఖండముగా ఇంటిలోనికి తెచ్చినది రేడియోయే.

ఈ కథకు ఇంగ్లండును ప్రధానోదాహరణముగా గ్రహింతును. బి.బి.సి. 1922 నవంబరు 14న లండనులో ప్రసారము మొదలుపెట్టినది. రెండు మాసములైనను నిండకముందే, 1923 జనవరి 8న, కోవెంట్ గార్డెన్ నాటకశాల నుండి మోత్సార్ట్ సంగీతరూపకము మేజిక్ ఫ్లూట్‌ను నేరుగా ప్రసారము చేసినది. కచేరీల వ్యాపారము చేయువారు దీనిని చూచి హర్షింపలేదు. క్వీన్స్ హాలు అను ప్రసిద్ధ సంగీతశాలను నడపిన చాపెల్ సంస్థ అధిపతి విలియమ్ బూసీ, ఇంట కూర్చుండి ఉచితముగా విను వసతి కలిగినచో రుసుము చెల్లించి సభకు వచ్చువారుండరని నమ్మి, రేడియోను తీవ్రముగా వ్యతిరేకించినాడు. 1927లో ఆ సంస్థయే, 1895 నుండి హెన్రీ వుడ్ సంచాలకత్వమున నడచుచున్న ప్రామెనేడ్ కచేరీల భారము మోయజాలక దించివైచినది. ఆ భారమును తలకెత్తుకొనినది బి.బి.సి. నేడు ప్రపంచమంతటను ‘ప్రామ్స్’ అను పేర ప్రసిద్ధమైన వేసవి సంగీతోత్సవము రేడియో ఆదుకొనినందువలననే బ్రతికినది. సంగీతసభలకు శత్రువని ఎవరిని చూచి భయపడిరో ఆతడే వానికి దిక్కైనాడు.

ఆ కాలపు లండను వాద్యబృందములలో ఒక దురాచారము ప్రబలియుండెడిది. సాధనకు ఒకడు వచ్చును. మరునాటి కచేరికి, ఎక్కువ సొమ్ము దొరకు పిలుపు మరియొకటి వచ్చినచో, తన బదులు వేరొకనిని పంపును. సంచాలకుడు వారమంతయు శ్రమపడి తీర్చిదిద్దిన వాద్యకారులు ఒకరు, సభలో వాయించువారు మరియొకరు. ఆర్థిక నిశ్చింత లేని వాద్యకారుని నిందించి ప్రయోజనము లేదు. 1930లో బి.బి.సి. స్థాపించిన సింఫనీ వాద్యబృందము ఈ జాడ్యమునకు మందు వైచినది. 114 మంది వాద్యకారులు, స్థిరమైన ఒప్పందము, నిశ్చితమైన జీతము, ఏడాది పొడవునను కలిసి సాధన. ఏడ్రియన్ బోల్ట్ సంచాలకుడుగా అక్టోబరు 22న క్వీన్స్ హాలులో మొదటి కచేరి జరిగినది. బోల్ట్ ఇరువది సంవత్సరములు ఆ స్థానమున నిలిచెను. ఆయన ఆర్భాటము లేని మనిషి. పొడుగుపాటి బెత్తముతో, మితమైన కదలికతో, రచయిత ఏమి వ్రాసెనో దానినే వినిపింపవలెనని తపించినవాడు. రేడియోకు తగిన సంచాలకుడు అట్టివాడే. కంటికి కనబడని సభలో అభినయమునకు చోటు లేదు.

ఈ పోషణకు ధనమెక్కడిది? రేడియో ఉన్న ప్రతి గృహస్థుడును ఏటికి పది షిల్లింగులు లైసెన్సు రుసుము చెల్లించెడివాడు. మన దేవాలయములలో మేళగాండ్రకు పెద్దలు మాన్యము లేర్పరచి, దర్శనమునకు వచ్చినవారు పదిమందియైనను వేయిమందియైనను సంధ్యాసమయములందు నాగస్వరము మ్రోగవలసినదేయని కట్టడి చేసినట్లు, ఆ రుసుము సంగీతమునకు మాన్యమైనది. టిక్కెట్ల అమ్మకము మీద ఆధారపడిన సభాసంఘము చేయలేని సాహసమును ఈ మాన్యము చేయించినది. అల్బన్ బెర్గ్ రచించిన వొత్సెక్ అను కఠినమైన ఆధునిక సంగీతరూపకమును 1934 మార్చిలో బోల్ట్ క్వీన్స్ హాలులో కచేరీరూపమున ఆద్యంతము వినిపింపజేసెను. అంతటి సాధన ఎన్ని వారములు కోరునో ఎరిగిన వ్యాపారి ఎవ్వడును దానికి పూనుకొనియుండడు.

మాన్యమిచ్చుటతో పాటు, శ్రోతను సిద్ధపరచుట కూడ తన విధియని ఆ రేడియో గుర్తించినది. వాల్ఫర్డ్ డేవీస్ అను సంగీతాచార్యుడు 1926లో సామాన్య శ్రోతకొరకు ప్రసంగములు ప్రారంభించి, పియానో ముందు కూర్చుండి, ఒక స్వరవాక్యమును వాయించి చూపి, అది ముందు ముందు ఏ రూపము దాల్చునో వివరించి, ఇంటిలోని గృహిణికిని గనిలో పనిచేయువానికిని చెవిని తీర్చెను. ప్రతిదినమును కొలది నిమిషములు పూర్వాచార్యుల రచనలను వరుసగా వినిపించు కార్యక్రమ మొకటి 1927 నుండి సుమారు దశాబ్దకాలము నడచినది. రోజుకింత చొప్పున, విసుగులేకుండ, ఏండ్ల తరబడి! రుచి అనునది ఉపన్యాసములతో కాక ఇట్టి నిత్యసేవతో అలవడును.

ప్రసారకేంద్రమున ఈ సంగీతము పడు పాట్లు శ్రోతకు తెలియవు గనుక, ఇచ్చట కొంచెము ఆగి చెప్పుట అవసరము. పూర్ణ వాద్యబృందము పలుకు అతిమృదువైన ధ్వనికిని అతితీవ్రమైన ధ్వనికిని నడుమనుండు అంతరమును మధ్యతరంగ ప్రసారము మోయలేదు. మృదుభాగమును ఉన్నదున్నట్లు పంపినచో గ్రాహకయంత్రములోని గరగరలో మునిగిపోవును. తీవ్రభాగమును ఉన్నదున్నట్లు పంపినచో ధ్వని పగిలిపోవును. అందుచేత స్వరలిపి చదువనేర్చిన వ్యక్తి యొకడు గ్రంథమును ముందుంచుకొని, మీటపై చేయివైచి కూర్చుండెడివాడు. రెండు పుటల తరువాత ట్రాంబోనులు, టింపనీ భేరులు ఒక్కమారుగా విరుచుకొని పడనున్నవని అతనికి తెలియును. అప్పుడు తటాలున తగ్గించినచో మోసము బయటపడును. కావున చాల ముందునుండియే, వెంట్రుకవాసి చొప్పున, ధ్వనిని తగ్గించుకొనుచు వచ్చి, ఆ ఉప్పెన వచ్చునప్పటికి దానికి చోటు మిగిల్చి యుంచును. వినువానికి ఉప్పెన ఉప్పెనగనే తోచును. ఏ పత్రికయు పేరెత్తని ఆ వ్యక్తి కూడ ఆ సాయంకాలపు వాద్యకారులలో ఒకడనియే నా నిశ్చయము.

గాయకబృందమునకు వచ్చు చిక్కు వేరు. మైకు దగ్గరగా పెట్టినచో ముందువరుసలోని ఇద్దరు ముగ్గురి కంఠములు విడివిడిగా వినబడి బృందము చెదరును. దూరముగా పెట్టినచో కంఠములు కలియును గాని సాహిత్యము మసకబారును. పైగా, మధ్యతరంగమున ఒక్కొక్క కేంద్రమునకు దక్కు ఇరుకు సందులో సెకనుకు నాలుగైదు వేల కంపనములకు మించినవి దాదాపు చొరజాలవు. వయొలినుల మెరుపు, తాళముల మిలమిల, గాయకులు పలుకు శ ష స వంటి అక్షరముల పదును అచ్చటనే తెగిపోవును. 1955 మే 2న రూటమ్ కేంద్రమునుండి బి.బి.సి. ఎఫ్.ఎమ్. ప్రసారమును ఆరంభించిన తరువాత గాని, అచ్చులతో పాటు హల్లులును స్పష్టముగా పలుకు గాయకబృందము సామాన్యుని ఇంటికి చేరలేదు.

బృందగానమును గూర్చి మరికొంత చెప్పవలెను. బి.బి.సి. సింగర్స్ అని నేడు పిలువబడు వృత్తిగాయకుల బృందము 1924లో వైర్‌లెస్ కోరస్ అను పేర పుట్టినది. వాద్యబృందముకంటె ఆరేండ్లు పెద్దది. 1926 అక్టోబరులో వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుండి సాయంప్రార్థనాగానము ప్రసారము మొదలైనది; అది నేటికిని వారము వారము సాగుచున్నది. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరమున క్రిస్‌మస్ ముందునాటి సాయంకాలము జరుగు తొమ్మిది పఠనముల, గీతముల సేవ 1918లో ఏర్పడి, 1928 నుండి, 1930 ఒక్క యేడు తప్ప, ప్రతి సంవత్సరమును ప్రసారమైనది. యుద్ధకాలమున ఆ మందిరపు ప్రాచీనమైన రంగుటద్దములను భద్రముకొరకు తీసివేసిరి. లోపల వెచ్చదన మనునది లేదు. శత్రువునకు ఆచూకీ తెలియరాదని మందిరము పేరును ప్రసారమున చెప్పుట మానిరి. పాట మాత్రము మానలేదు. ప్రారంభగీతపు తొలిచరణమును ఒక బాలుడు ఒంటరిగా పాడును. ఇటీవలి దశాబ్దములలో ఆ బాలుడెవరో ప్రసారమునకు కొలది క్షణముల ముందు గాని సంచాలకుడు సూచింపడు. భయపడుటకు కూడ వ్యవధి యుండరాదని కాబోలు.

ఇదే యుద్ధకాలమున జరిగిన మరియొక సంగతి తలచుకొన్నపుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును. ఫ్రాన్సు దేశము జర్మనుల వశమున నున్నపుడు, 1943లో, ఫ్రాన్సిస్ పూలంక్ అను స్వరకర్త, పాల్ ఎల్యువార్ కవితలకు స్వరములు కూర్చి, వాద్యముల తోడు లేకుండ రెండు గాయకబృందములు పన్నెండు శాఖలలో పాడవలసిన కాంటాటా ఒకటి రచించెను. ఫిగ్యూర్ ఉమేన్ దాని పేరు. కడపటి ఖండము స్వాతంత్ర్యమును పేరు పెట్టి పిలుచును. పట్టుబడినచో ప్రాణము దక్కదు. అయినను రహస్యముగా అచ్చొత్తించిరి. పాడుటకు స్వదేశమున చోటు లేకపోయినది. 1945 మార్చి 25న దానిని మొట్టమొదట పాడినది లండనులోని బి.బి.సి. గాయకబృందము, లెస్లీ వుడ్‌గేట్ సంచాలకత్వమున, ఆంగ్లానువాదములో. అంతటి జటిలరచనను చేతికందిన కొలదికాలములోనే పాడగలిగిన గాయకులు సిద్ధముగా నుండుటకు కారణమేమి? ఇరువది సంవత్సరములనుండి ఒక రేడియోసంస్థ వారికి జీతములిచ్చి, ప్రతిదినమును సాధన చేయించుచుండుటయే. ఇట్టి అక్కర ఎప్పుడు పడునో ముందుగా ఎవ్వరు చెప్పగలరు?

ఇక లెనిన్‌గ్రాడు. 1941 సెప్టెంబరులో నగరము ముట్టడిలో చిక్కినది. ఆ నెల 17న ద్మిత్రి షోస్టకోవిచ్ నగర రేడియోలో మాట్లాడుచు, తాను ఒక క్రొత్త సింఫనీలో రెండంగములు పూర్తిచేసితినని ప్రజలకు తెలిపెను. ఆ శీతకాలమున పనిచేయజాలని వారికి దినమునకు దక్కిన రొట్టె 125 గ్రాములు. నగరపు ప్రసిద్ధ ఫిల్‌హార్మనిక్ బృందమును ముందుగనే నోవోసిబిర్స్క్‌కు తరలించియుండిరి. మిగిలినది రేడియో వాద్యబృందము ఒక్కటే. అందులోనివారు ఆకలికి రాలిపోవుచుండగా సంగీతము నిలిచిపోయెను. కార్యక్రమములు లేని వేళ రేడియోలో ఒక మెట్రోనోము చప్పుడు మాత్రము వినిపించుచుండెను: నిదానముగా కొట్టుకొనినచో అపాయము లేదని, వేగముగా కొట్టుకొనినచో విమానములు వచ్చుచున్నవని అర్థము. సంగీతసాధనకు లయ నేర్పు పరికరము ఒక మహానగరమునకు నాడియైనది.

1942 వసంతమున సంగీతము మరల ఆరంభింపవలెనని నిశ్చయించిరి. కార్ల్ ఎలియాస్‌బెర్గ్ సంచాలకుడు. షోస్టకోవిచ్ క్రొత్త రచనయైన ఆ ఏడవ సింఫనీకి నూరుమంది వాద్యకారులు కావలెను; మొదటి సాధనకు వచ్చినవారు పదునైదుగురు మాత్రమే. ఊపిరిబిగించి ఊదవలసిన వాద్యములు వారి చేతులలో బరువైపోయినవి. కొలది నిమిషములకే సాధన ముగింపవలసి వచ్చినది. పిమ్మట వారికి అదనముగా ఆహారమిచ్చిరి. సైనికదళములలో వాద్యము నెరిగినవారిని పిలిపించిరి. విమానమార్గమున వచ్చిన స్వరగ్రంథమునుండి ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క ప్రతి చొప్పున చేతితో వ్రాసిరి. 1942 ఆగస్టు 9న ఫిల్‌హార్మనియా శాలలో కచేరి జరిగినది. అంతకుముందు సోవియెట్ ఫిరంగులు జర్మను ఫిరంగుల స్థావరములపై నిప్పులు కురిసి, ఆ గంటన్నర అవి నోరెత్తకుండ చేసినవి. రేడియో ఆ సంగీతమును ప్రసారము చేసినది; వీధులలోని ధ్వనివర్ధకములనుండి, శత్రువు పొంచియున్న దిక్కునకు త్రిప్పియుంచిన ధ్వనివర్ధకములనుండియు అది వినిపించినది. ఆ బృందమువారు వాయించినదానిలో అపస్వరము లుండవచ్చును, శ్వాస చాలని చోట్లు ఉండవచ్చును. ఆ రచనకు మహోన్నతమైన ప్రదర్శన మేదియని అడిగినచో నేను దానినే చెప్పుదును. తక్కిన బృందములన్నియు తరలిపోయిన నగరమున నిలిచి వాయించినది రేడియోబృందమని మనము మరువరాదు.

అదే సింఫనీ స్వరగ్రంథము సూక్ష్మచిత్రరూపమున టెహరాను, కైరోల మీదుగా అమెరికా చేరగా, 1942 జూలై 19న ఆర్తురో టోస్కనీనీ ఎన్.బి.సి. సింఫనీ బృందముతో దానిని ప్రసారము చేసెను. ఆ బృందమును 1937లో ఆయన కొరకే డేవిడ్ సార్నాఫ్ నాయకత్వమున ఆ వ్యాపారసంస్థ నెలకొల్పినది. కోట్లమందికి సింఫనీ అనగా ఏమో అది చాటినది. కాని 1954 ఏప్రిలు 4న వృద్ధుడైన టోస్కనీనీ కడపటి కచేరి చేసి తప్పుకొనగనే సంస్థ ఆ బృందమును వదలివైచినది. వాద్యకారులు వేరొక పేరుతో కొన్నేండ్లు తమంతట తాము పెనగులాడి విడిపోయిరి. ఒక మహాపురుషుని కీర్తిమీద నిలిపిన ఆశ్రయము ఆ పురుషునితోనే ముగియును. విధిగా భావించి నిలిపినది తరములు దాటును. ఎన్.బి.సి. కథకును బి.బి.సి. కథకును నాకు కనబడు భేదమిదియే.

1946 సెప్టెంబరు 29న బి.బి.సి. థర్డ్ ప్రోగ్రామ్ అను పేర సాయంకాలము ఆరుగంటలనుండి అర్ధరాత్రము వరకు సాగు ప్రత్యేక ప్రసారమును ఆరంభించినది. దాని విశిష్టత కాలమును గూర్చిన దృష్టిలో నున్నది. గంటకొకమారు వార్తలకొరకు సంగీతమును కోసివేయు పద్ధతిని అది అంగీకరింపలేదు. రచన ఎంత కాలము కోరునో అంత కాలము ఇచ్చుట, సంగీతరూపకమైనచో అంకములన్నియు వినిపించుట, మేలైన దానిని మరల ప్రసారము చేయుట దాని ధర్మము. బెంజమిన్ బ్రిటెన్ యుద్ధమృతుల కొరకు వ్రాసిన వార్ రెక్వియెమ్ 1962 మే 30న కోవెంట్రీలోని నూతన దేవాలయమున తొలిసారి పాడినపుడు దేశమంతయు అదే క్షణమున వినగలిగినది ఈ ప్రసారమువలననే. దాని వారసత్వమైన రేడియో 3, 2005 డిసెంబరులో పదిదినములు బాఖ్ రచనలను తప్ప వేరొకటి వినిపింపక, ఆయన సర్వస్వమును పూర్తిగా ప్రసారము చేసినది. సింఫనీలోని ఒక మధురమైన అంగమును మాత్రము కత్తిరించి, ప్రకటనల నడుమ అలంకారముగా అమర్చు కేంద్రములు నేడు పెక్కు దేశములలో కలవు. రెండవ అంగములోని శాంతి మొదటి అంగములోని సంఘర్షణవలన సిద్ధించినది. ఆ సంఘర్షణను విననివానికి ఆ శాంతి నిద్రమందు మాత్రమే. కార్యక్రమమును కూర్చువాడు దీనిని ఎరిగియుండవలెను.

ఈ చరిత్రలో మన దేశమునకు సంబంధించిన శాఖ చిన్నది గాని, ఆలోచింపదగినది. జాన్ ఫౌల్డ్స్ అను ఆంగ్ల స్వరకర్త ప్రథమ ప్రపంచయుద్ధమున మరణించిన సర్వదేశముల వారికొరకు వరల్డ్ రెక్వియెమ్ అను రచన చేయగా, 1923 నవంబరు 11న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో పన్నెండువందల మంది కలిసి దానిని వినిపించిరి. నాలుగేండ్లు ఆ దినమున పాడి పిమ్మట మరచిరి. 1935లో ఆయన, భారతీయ సంగీతము నెరిగిన భార్య మాడ్ మెకార్తీతో ఇచ్చటికి వచ్చి, ఆకాశవాణి ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీతశాఖను వహించి, మన వాద్యములు వాయించు విద్వాంసులకు స్వరలిపి చదువుట నేర్పి, వారితో ఒక వాద్యబృందమును కూర్చెను. హార్మోనియము మన గమకములకు హానికరమని ఆయన వ్రాసిన వ్యాసము ఆ వాద్యమును రేడియోనుండి బహిష్కరించుటకు దోహదము చేసినది. 1939 ఏప్రిలులో కలకత్తాలో కలరా తగిలి ఆయన మరణించెను. ఇచ్చట వ్రాసిన రచనలు పెక్కు పోయినవి. ఆ వరల్డ్ రెక్వియెమ్‌ను ఎనుబది యొక్క సంవత్సరముల మౌనము తరువాత, 2007 నవంబరు 11న అదే శాలలో మరల పలికించినది ఎవరు? బి.బి.సి. సింఫనీ వాద్యబృందము, బి.బి.సి. గాయకబృందము. ఒక రేడియోకు సేవచేసి కన్నుమూసినవానికి మరియొక రేడియో ఋణము తీర్చినది.

1952లో ఆకాశవాణి వాద్యవృందమును స్థాపించి, హిందుస్తానీ పక్షమున రవిశంకరునికిని, కర్ణాటక పక్షమున టి.కె. జయరామ అయ్యరుకును అప్పగించినది. పిమ్మట ద్రాక్షారామమునుండి వచ్చిన మన ఈమని శంకరశాస్త్రిగారు, వీణపై అసాధ్యములను సుసాధ్యము చేసిన ఆ మహావైణికుడు, దానికి రచనలు చేసి సంచాలకత్వము వహించిరి. ఇరువది వాద్యములు ఒకే గమకమును ఒకే ఊపుతో పలుకుట సులభము కాదు; గమకము వ్యక్తిసొత్తు. శంకరశాస్త్రిగారికి ఆ చిక్కు తెలియును గనుకనే ఆయన కృషి విలువైనది. చిత్తూరులో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో యువగాయక బృందమును కూర్చి, భారతీయ భాషలలో బహుశాఖలుగా పాడించిరి. ఇక విజయవాడ కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావుగారు రూపుదిద్దిన భక్తిరంజనిని గూర్చి తెలుగువారికి చెప్పనక్కరలేదు. నిలయవిద్వాంసులు కూర్చుండి, సాధన చేసి, ఒక్క శ్రుతిలో ఒక్క లయలో పాడిన ఆ ప్రభాతగీతములు వినని తెలుగిల్లు ఆ దినములలో అరుదు. పాశ్చాత్యుల బహుశాఖాగానము వేరు, ఈ ఏకశ్రుతి గోష్ఠి వేరు. రెంటిని నిలిపినది మాత్రము నెలజీతమును సాధనాసమయమును ఇచ్చిన రేడియో ఆశ్రయమే.

2023 మార్చిలో బి.బి.సి. తన సింగర్స్ బృందమును, అది నూరేండ్లు నిండుటకు ఒక్క యేడు ముందు, రద్దుచేయుదునని ప్రకటించెను. లక్షకు పైగా శ్రోతలు, స్వరకర్తలు, గాయకులు సంతకములు చేసి అభ్యంతరము తెలుపగా, ఆ నెల ముగియకముందే సంస్థ వెనుకకు తగ్గినది. సంస్థలు లెక్కలు చూచుకొనును. అది వాని స్వభావము. శ్రోతలు మాట్లాడని నాడు ఆ లెక్కలలో సంగీతమునకు అంకె పడదు.

మన ఆకాశవాణి భాండాగారములో వాద్యవృందపు రచనలు, నిలయవిద్వాంసుల బృందగానములు ముద్రితమై యున్నవి. వానిని వారమున కొకమారైనను నిర్ణీతమైన వేళకు, ఆద్యంతము కోతలేకుండ, రచించినవారి పేరును వాయించిన పాడిన ప్రతివారి పేరును చెప్పి ప్రసారము చేయవలసినదని కేంద్రములవారిని అర్థించుచున్నాను. మీరును ఊరక కూర్చుండక, విన్నపుడు బాగున్నదని, విననపుడు ఏల వినిపింపరని, మీ కేంద్రమునకు ఉత్తరములు వ్రాయుడు. ఈ సభ ముగియుటకు ముందే గ్రంథాలయమువారు కార్డులు పంచుటకు అంగీకరించినారు. చిరునామా వ్రాసి ఇచ్చినచో వారే టపాలో వేయుదురు.